ఇంట్లో వచ్చిన లెక్క పరీక్ష హాల్లో ఎందుకు తప్పుతుంది? ఒత్తిడికీ వర్కింగ్ మెమరీకీ ఉన్న సంబంధం

ఎంట్రన్సు పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో విశాఖపట్నంలో, గాజువాక నుంచి మధురవాడ దాకా, ఎక్కడ విన్నా ఒక మాట వినపడుతుంది. ‘‘ఇంటిదగ్గర మోడల్ పేపర్లన్నీ బాగానే చేశాడు, హాల్లో కూర్చునేసరికి బుర్ర పనిచెయ్యలేదట.’’ ఈ మాట విన్నవారిలో కొందరు, అసలు సరిగ్గా చదివి ఉండడని తేల్చేస్తారు. మరికొందరు, పాపం భయపడిపోయి ఉంటాడని జాలిపడతారు. మొదటివారు పిల్లవాడి మీద నేరం మోపుతున్నారు, రెండోవారు ఓదారుస్తున్నారు. తెలిసిన లెక్క ఆ మూడు గంటలపాటు తెలియనట్టు ఎలా అయిపోయిందన్న ప్రశ్నకు మాత్రం ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఈ ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రంలోనూ నాడీ శాస్త్రంలోనూ అర్ధశతాబ్దానికి పైగా పరిశోధన జరుగుతోంది. అందులో పరీక్షకు నిలబడిన సంగతులున్నాయి, తర్వాతి ప్రయోగాల్లో తేలిపోయినవీ ఉన్నాయి. వాటిని విడివిడిగా చూడడం అవసరం, ఎందుకంటే ఈ విషయం మీద చలామణీలో ఉన్న మాటల్లో రెండూ కలిసిపోయి ఉన్నాయి.

## వర్కింగ్ మెమరీ అంటే ఏమిటి, అందులో ఎంత పడుతుంది

చిన్నప్పుడు కంఠతా పట్టిన ఎక్కాలు, త్రికోణమితి సూత్రాలు, వేమన పద్యాలు, అమ్మమ్మగారి ఊరికి దారి, ఇవన్నీ దీర్ఘకాలిక జ్ఞాపకంలో ఉంటాయి. దానికి హద్దు ఎక్కడో చెప్పడం కష్టం. వర్కింగ్ మెమరీ వేరు. ఒక పని జరుగుతున్న కొద్ది సెకన్లపాటు కావలసిన సమాచారాన్ని మనసులో నిలిపి ఉంచి, దాన్ని కలిపి, విడదీసి, కొత్త ఫలితం రాబట్టే సామర్థ్యానికి ఆ పేరు. పూర్ణా మార్కెట్‌లోని టోకు వర్తకుడి గోదాము ఎంత పెద్దదైనా, బేరం జరిగేది కొట్టు ముందున్న చిన్న బల్ల మీదే. ఆ బల్ల మీద పట్టినంత సరుకునే ఒక్కసారికి చూపగలడు, తూచగలడు. దీర్ఘకాలిక జ్ఞాపకం ఆ గోదాము, వర్కింగ్ మెమరీ ఆ బల్ల.

ఈ హద్దును కొలిచే ప్రయత్నాల్లో బాగా పేరుపొందింది 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన వ్యాసం. మనిషి అప్పటికప్పుడు విని తిరిగి చెప్పగలిగే అంశాలు సుమారు ఏడు, అటూ ఇటూ రెండు అని ఆయన అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ సమీక్షించి, లోలోపల వల్లెవేసుకునే అవకాశం లేకుండా చేస్తే ఆ సంఖ్య సుమారు నాలుగుకు పడిపోతుందని చూపించాడు. ఇక్కడ అంశం అంటే ఒక అంకె అనో ఒక అక్షరం అనో అర్థం కాదు. ముందే తెలిసిన గుంపు ఎంత పెద్దదైనా ఒక్క అంశంగానే లెక్కకు వస్తుంది. 19331926 అన్న ఎనిమిది అంకెల సంఖ్యను కొత్తవారు గుర్తుంచుకోవడానికి తంటాలు పడతారు. విశాఖ పోర్టు 1933లో మొదలైందనీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో స్థాపించారనీ తెలిసినవారికి అవి రెండే అంశాలు. ఈ చిన్న సంగతి ఈ వ్యాసంలో తర్వాత చాలా పని చేస్తుంది.

వర్కింగ్ మెమరీ లోపలి అమరికను 1974లో బ్రిటన్‌కు చెందిన అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ ప్రతిపాదించారు. వారి నమూనాలో మాటలను, అంకెలను లోగొంతుతో వల్లెవేస్తూ నిలిపి ఉంచే భాగం ఒకటి, బొమ్మలను, స్థానాలను నిలిపి ఉంచే భాగం మరొకటి. ఈ రెండింటినీ నడిపిస్తూ, దేనిమీద దృష్టి పెట్టాలో, దేన్ని పక్కకు నెట్టాలో నిర్ణయించే నియంత్రకం మూడోది. 2000లో బాడ్లీ దీనికి నాలుగో భాగాన్ని చేర్చాడు. ఈ నమూనాను అందరూ యథాతథంగా అంగీకరించరు. అయినా ఒత్తిడి సంగతి అర్థం చేసుకోవడానికి లోగొంతు, నియంత్రకం అనే రెండు భాగాలు గుర్తుంటే చాలు.

## ఒక రైలు లెక్కను మనసులో చేసినప్పుడు

విశాఖపట్నం నుంచి విజయవాడకు రైలు మార్గం 350 కిలోమీటర్లు. ఉదయం 5.45కు విశాఖలో బయలుదేరిన రైలు గంటకు సగటున 56 కిలోమీటర్ల వేగంతో వెళితే విజయవాడకు ఎన్ని గంటలకు చేరుతుంది? కాగితం ముట్టుకోకుండా చేయాలి.

మొదట 350, 56, 5.45 అనే మూడు సంఖ్యలను మనసులో నిలుపుకోవాలి. 56ను ఆరుతో గుణిస్తే 336 వస్తుందన్నది ఎక్కాల సాయంతో తేలుతుంది. ఇప్పుడు 6 గంటలు అన్న ఫలితాన్ని ఒక పక్క ఉంచి, 350లోంచి 336 తీసేయాలి. మిగిలింది 14. ఈ లోపు 5.45 జారిపోకూడదు, 6 జారిపోకూడదు, వేగం 56 అన్న సంగతీ జారిపోకూడదు, ఎందుకంటే 14ను పోల్చవలసింది దానితోనే. 56లో 14 పావు వంతు కాబట్టి పావుగంట. మొత్తం ప్రయాణం 6 గంటల 15 నిమిషాలు. దీన్ని 5.45కు కలిపితే మధ్యాహ్నం 12 గంటలు.

ఇందులో కష్టమైన సూత్రం ఏదీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు వచ్చిన గణితమే. లెక్క మధ్యభాగంలో మాత్రం ఒకేసారి నాలుగు అంశాలు పట్టుకుని ఉండాలి, అది సరిగ్గా మన హద్దు. అక్కడ ఒక్కటి జారితే ఏమవుతుందో చూడండి. 56 జారిపోతే, మిగిలిన 14ను పావు వంతుగా కాక 14 నిమిషాలుగా తీసుకునే ప్రమాదం ఉంది, అప్పుడు జవాబు 11.59 అవుతుంది. 5.45 జారిపోతే 6.15 దగ్గరే లెక్క ఆగిపోతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఇలాంటి జవాబులనే తప్పు ఐచ్ఛికాలుగా పెడతారు కాబట్టి, విద్యార్థికి తన జవాబు ఎదురుగా కనిపిస్తుంది, గుర్తు పెట్టేస్తాడు, తప్పు చేశానన్న అనుమానం కూడా రాదు. ఇంటికొచ్చి కీ చూసుకున్నాక, ‘‘అయ్యో, ఇది నాకు తెలుసు’’ అంటాడు. అతను చెబుతున్నది నిజమే. కాలం, దూరం, వేగం అధ్యాయం అతనికి వచ్చు. పోయింది మధ్యలో పట్టుకోవలసిన ఒక్క అంశం.

## ఒత్తిడి ఆ కొద్ది చోటును ఎలా తినేస్తుంది

పరీక్ష భయంలో రెండు పాయలున్నాయని 1967లోనే లీబర్ట్, మోరిస్ అనే పరిశోధకులు వేరుచేసి చూపించారు. గుండె దడ, అరచేతుల చెమట, కడుపులో తిప్పడం వంటి శరీర లక్షణాలు ఒక పాయ. ‘‘ఇది పోతే సీటు పోయినట్టే’’, ‘‘పక్కవాడు అప్పుడే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు’’, ‘‘నాన్న ఏమంటాడో’’ అన్న ఆలోచనలు రెండో పాయ. మార్కులు తగ్గడంతో గట్టి సంబంధం కనిపించేది రెండోదానికే. దానికి కారణం పైన చెప్పిన లోగొంతు. దిగులు మాటల రూపంలో నడుస్తుంది. 336ను, 14ను వల్లెవేయవలసిన అదే గొంతు ఇప్పుడు నాన్న కోపాన్ని వల్లెవేస్తోంది. పైగా ఆ ఆలోచనను పక్కకు నెట్టడం కూడా నియంత్రకానికి ఒక పని, దానికీ కొంత ఖర్చవుతుంది. అందుకే ‘‘భయపడకు, భయపడకు’’ అని తనకు తాను చెప్పుకుంటున్న విద్యార్థి కూడా ఆ చోటునే వాడేస్తున్నాడు.

మైఖేల్ ఐసెంక్, మాన్యువల్ కాల్వో 1992లో ఈ ఆలోచనను ఒక సిద్ధాంతంగా మలిచారు. వారి ముఖ్యమైన మాట ఏమిటంటే, ఆందోళన ముందుగా దెబ్బతీసేది ఫలితాన్ని కాదు, ఆ ఫలితాన్ని తక్కువ శ్రమతో రాబట్టే సామర్థ్యాన్ని. ఆందోళనతో ఉన్నవాడు అదే జవాబు రాబట్టడానికి మరింత గట్టిగా ప్రయత్నిస్తాడు, రెండుసార్లు సరిచూసుకుంటాడు, చివరికి సరైన జవాబే రాస్తాడు. కాలం సరిపడా ఉంటే మార్కుల్లో తేడా కనిపించకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపరులో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు 67.5 సెకన్లు. ఒక్కో లెక్కకు 20 సెకన్లు అదనంగా పట్టినా చివరి 30, 40 ప్రశ్నలు చదవకుండానే మిగిలిపోతాయి. ఆందోళనకు కాలపరిమితి తోడైనప్పుడు నష్టం ఎందుకు పెరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

గణితమంటేనే భయం ఉన్నవారి సంగతి 2001లో మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ పరీక్షించారు. కొన్ని అక్షరాలు గుర్తుపెట్టుకుంటూనే కూడికలు చేయమన్నారు. మిగులు అంకె అవసరం లేని కూడికల్లో భయస్థులకూ మిగతావారికీ పెద్ద తేడా రాలేదు. మిగులు అంకెను మనసులో మోసుకెళ్లవలసిన కూడికల్లో, గుర్తుంచుకోవలసిన అక్షరాలు పెరిగినప్పుడు, భయస్థుల తప్పులు బాగా పెరిగాయి. దెబ్బ గణిత జ్ఞానం మీద పడి ఉంటే సులువైన కూడికలూ తప్పి ఉండేవి. పడింది మోసుకెళ్లే చోటు మీద.

మెదడులో జరిగేది కూడా ఈ చిత్రంతో పొసగుతుంది. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ వర్కింగ్ మెమరీకి ముఖ్యమైన ఆధారం. యేల్ విశ్వవిద్యాలయంలో ఎయిమీ ఆర్న్‌స్టెన్ దశాబ్దాలుగా చేసిన పరిశోధన ప్రకారం, నార్‌ఎపినెఫ్రిన్, డోపమిన్ అనే రసాయనాలు మితంగా విడుదలైనప్పుడు అక్కడి నాడీకణాల జాలం చురుగ్గా పనిచేస్తుంది. మన చేతిలో లేని ఒత్తిడి ఎదురై అవి మితిమీరినప్పుడు ఆ జాలం బలహీనపడి, అలవాటు మీద, భయం మీద నడిచే పాత భాగాలు పైచేయి సాధిస్తాయి. ఎదురుగా పాము కనిపిస్తే ఆలోచించకుండా వెనక్కి దూకడానికి ఆ ఏర్పాటు పనికొస్తుంది, సమాకలనం చేయడానికి పనికిరాదు.

కొంత ఒత్తిడి మంచిదని చెప్పేటప్పుడు చాలామంది 1908 నాటి యర్క్స్, డాడ్సన్‌ల పేరు చెబుతారు. వారు పనిచేసింది ఎలుకల మీద. తెల్ల పెట్టె, నల్ల పెట్టెల మధ్య తేడా నేర్పడానికి ఎంత తీవ్రతగల విద్యుత్ షాక్ అనుకూలమన్నదే వారి ప్రశ్న. తేడా స్పష్టంగా ఉన్నప్పుడు షాక్ పెరిగినకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి, తేడా గుర్తించడం కష్టమైనప్పుడు మధ్యస్థమైన షాక్ దగ్గర బాగా నేర్చుకున్నాయి. దీన్నే తర్వాతివారు మనుషుల ఉద్వేగానికీ పరీక్షలకూ అన్వయించి, గోపురం ఆకారంలో ఒక గీత గీశారు. ఆ గీతలో కొంత నిజముందని ఆర్న్‌స్టెన్ పరిశోధన వల్ల చెప్పవచ్చు. ఏ పిల్లవాడికి ఎంత ఒత్తిడి ‘‘సరిపడా’’ అవుతుందో ఆ ఎలుకల ప్రయోగం నుంచి తేల్చడం మాత్రం కుదరదు. పిల్లలను భయపెట్టడానికి దాన్ని శాస్త్ర ప్రమాణంగా చూపించడం నాకు బొత్తిగా అన్యాయంగా తోస్తుంది.

## ఎక్కువ సామర్థ్యం ఉన్నవారే ఎక్కువ నష్టపోతారా

ఈ విషయంలో అందరినీ ఆశ్చర్యపరిచిన ప్రయోగం 2005లో సియాన్ బైలాక్, థామస్ కార్ ప్రచురించినది. వారు ఎంచుకున్నవి విద్యార్థులకు అలవాటులేని శేషగణిత లెక్కలు. ఉదాహరణకు 51లోంచి 19 తీసేస్తే వచ్చేది 4తో శేషం లేకుండా భాగింపబడుతుందా అన్న ప్రశ్న. తీసివేతలో అప్పు తెచ్చుకోవాలి, వచ్చిన 32ను పట్టుకుని భాగించి చూడాలి, కాబట్టి వర్కింగ్ మెమరీకి పని ఎక్కువ. 7లోంచి 2 తీసేస్తే 5తో భాగింపబడుతుందా అన్నది సులువైన రకం. ముందుగా విద్యార్థుల వర్కింగ్ మెమరీ సామర్థ్యాన్ని కొలిచి రెండు వర్గాలు చేశారు.

మామూలు పరిస్థితిలో, ఊహించినట్టే, ఎక్కువ సామర్థ్యం ఉన్నవారు కష్టమైన లెక్కల్లో ముందున్నారు. తర్వాత ఒత్తిడి తెచ్చారు. బాగా చేస్తే డబ్బు వస్తుందన్నారు, నీకు జతగా ఉన్నవారు ఇప్పటికే తమ వంతు పూర్తిచేశారు కాబట్టి వారి డబ్బు కూడా నీ మీదే ఆధారపడి ఉందన్నారు, వీడియో తీసి ఉపాధ్యాయులకు చూపిస్తామన్నారు. ఆన్‌లైన్ పరీక్షా కేంద్రంలో తలపైన కెమెరా, గేటు బయట నిలబడ్డ తల్లిదండ్రులు, కట్టిన కోచింగ్ ఫీజు గుర్తున్నవారికి ఈ మూడూ కొత్తగా అనిపించవు. ఒత్తిడిలో తక్కువ సామర్థ్యం వర్గం ఫలితం పెద్దగా మారలేదు. ఎక్కువ సామర్థ్యం వర్గం కష్టమైన లెక్కల్లో కిందికి జారి, రెండో వర్గంతో సమానమైంది. సులువైన లెక్కల్లో ఎవరికీ దెబ్బ తగలలేదు.

ఎందుకిలా? బైలాక్, మార్సీ డికారో 2007లో చేసిన ప్రయోగాలు దీనికి ఒక వివరణ ఇచ్చాయి. సామర్థ్యం ఎక్కువున్నవారు మామూలుగా పూర్తి పద్ధతిలో, మెట్టు మెట్టుగా లెక్క చేస్తారు, ఎందుకంటే అంతా పట్టుకోగలరు. తక్కువ ఉన్నవారు మొదటినుంచీ ఉజ్జాయింపులు, అడ్డదారులు వాడుతూ ఉంటారు. ఒత్తిడి వచ్చినప్పుడు మొదటివారు తమకు అలవాటైన సాధనాన్ని కోల్పోయి వారూ అడ్డదారిలోకి దిగుతారు. రెండోవారికి కోల్పోయేది తక్కువ. ఈ వివరణకు బలం చేకూర్చేదేమిటంటే, అడ్డదారే నిజానికి మంచి దారి అయిన సమస్యల్లో, ఒత్తిడిలో ఉన్న అధిక సామర్థ్యం వర్గం మునుపటికంటే బాగా చేసింది.

అయితే తెలివైనవారంతా హాల్లో తడబడతారని దీనికి అర్థం కాదు. సామర్థ్యం ఎక్కువ ఉన్నా దృష్టిని అదుపులో పెట్టుకోవడం తక్కువగా ఉన్నవారిలోనే ఈ జారుడు ప్రధానంగా కనిపించిందని 2016లో బైలాక్ సహచరులే చూపించారు. క్రీడలతో కూడా దీన్ని కలపకూడదు. చేతికి అలవాటైపోయిన నైపుణ్యం, ఉదాహరణకు గోల్ఫ్ బంతిని గుంతలోకి నెట్టడం, ఒత్తిడిలో చెడిపోవడానికి వేరే కారణం ఉంది. ఆటగాడు తన ప్రతి కదలికనూ గమనించడం మొదలుపెట్టడమే అక్కడి చిక్కు. అందుకే ఆటగాడికి ‘‘ఎక్కువ ఆలోచించకు’’ అని చెప్పే సలహా సరిపోతుంది. అదే సలహా రైలు లెక్క చేస్తున్నవాడికి చెబితే, 11.59 జవాబు దగ్గరకు తోసినట్టవుతుంది.

## సాధన ఏం మారుస్తుంది, అవధానులు ఏం చూపిస్తారు

బైలాక్ బృందం 2004లో ప్రచురించిన మరో ప్రయోగంలో అవే శేషగణిత లెక్కలను కొందరిచేత పదేపదే చేయించారు. బాగా సాధన అయిన లెక్కలు ఒత్తిడిలో చెడలేదు. కొత్తవి మాత్రమే చెడ్డాయి. సాధన అయిన లెక్కకు జవాబు మెట్లెక్కకుండానే దీర్ఘకాలిక జ్ఞాపకం నుంచి నేరుగా వస్తుంది కాబట్టి దానికి వర్కింగ్ మెమరీ అక్కర్లేదు. ఎక్కాలు కంఠతా పట్టించడం మీద మన దగ్గర ఎప్పుడూ వాదం నడుస్తూనే ఉంటుంది. బట్టీ అని కొట్టిపారేసేవారు అర్థం లేకుండా వల్లించడం వల్ల వచ్చే నష్టాన్ని సరిగానే గుర్తించారు. కానీ పదమూడో ఎక్కం నోటికి వచ్చినవాడికి లెక్క మధ్యలో ఒక అంశం పట్టేంత చోటు మిగులుతుందన్నది కూడా నిజమే. ఆ చోటును ఆలోచనకు వాడుకుంటాడు.

సాధన వల్ల వర్కింగ్ మెమరీయే పెరుగుతుందా అన్న ప్రశ్నకు 1980లో ఆండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్, స్టీవ్ ఫాలూన్ ప్రచురించిన అధ్యయనం స్పష్టమైన జవాబు ఇచ్చింది. ఒక కళాశాల విద్యార్థి ఏడాదిన్నరకు పైగా, 230 గంటలకు మించి సాధన చేసి, విన్న అంకెలను తిరిగి చెప్పే సామర్థ్యాన్ని 7 నుంచి 79కి పెంచుకున్నాడు. అతను పరుగు పందేల ఆటగాడు. అంకెల వరుసను పరుగు సమయాలుగా గుంపులు కట్టుకునేవాడు. అంకెలకు బదులు అక్షరాలు ఇవ్వగానే మళ్లీ ఆరు దగ్గరకు పడిపోయాడు. చోటు పెరగలేదు, అందులో పెట్టే గుంపులు పెద్దవయ్యాయి. ఎరిక్సన్, వాల్టర్ కించ్ 1995లో దీన్ని విస్తరించి, నిపుణులు తమ రంగంలో దీర్ఘకాలిక జ్ఞాపకాన్నే వర్కింగ్ మెమరీలా వాడుకోగలుగుతారని వివరించారు.

తెలుగువారికి ఈ మాట ప్రయోగశాల దాకా వెళ్లకుండానే అర్థమవుతుంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అవధానిని పలు దిక్కులకు లాగుతారు. సమస్య, దత్తపది, వర్ణన వంటి పద్యాలు ఒక్కో ఆవృతిలో ఒక్కో పాదం చొప్పున సాగుతాయి కాబట్టి, అసంపూర్ణమైన పద్యాలు అనేకం ఒకేసారి మనసులో నిలిచి ఉండాలి. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత రాబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఊహించి నిషేధిస్తాడు, అప్పటికప్పుడు దారి మార్చుకోవాలి. ఎప్పుడో మోగే గంటలను లెక్కపెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి పనే ఏకాగ్రతను భంగపరచడం. అంటే నియంత్రకం మీద ఒత్తిడిని ఒక నియమంగా పెట్టి, దాన్ని సభలో పరీక్షించే కళ ఇది. చివరికి ధారణలో పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పాలి.

నాలుగు అంశాలు పట్టే చోటులో ఇదంతా ఎలా ఇముడుతుంది? ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుంటాయి, నాలుగు పాదాలకు 80. ఆ ఎనభై అక్షరాలూ అవధానికి ఎనభై అంశాలు కావు. గణాల వరుస ముందే స్థిరం, రెండో అక్షరం ప్రాసకు, పదో అక్షరం యతికి కట్టుబడి ఉంటుంది. ఏళ్ల తరబడి కావ్యాలు చదివి, పద్యాలు చెప్పి, ఛందస్సు నరాల్లోకి ఇంకినవారికి ఒక పాదం ఒకటి రెండు గుంపులకు మించదు. మిగిలిన చోటు అప్రస్తుత ప్రసంగికి చమత్కారంగా జవాబు చెప్పడానికి సరిపోతుంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా సభల్లో చూపించిన ప్రతిభకు పుట్టుకతో వచ్చిన ధారణ కారణమని చెప్పుకోవడం మనకు ఇష్టం. పుట్టుకతో వచ్చినది ఎంతో కొంత ఉండవచ్చు. ఆ ధారణను సభలోని ఒత్తిడి కదిలించలేకపోవడంలో మాత్రం ఛందస్సు సాధన పాత్ర ఎక్కువని పై పరిశోధన చూశాక నాకు అనిపిస్తుంది. అవధానికి వెయ్యి అంకెల జాబితా ఇచ్చి గుర్తుపెట్టుకోమంటే అదే సామర్థ్యం కనబడాలన్న నియమం లేదు.

## భయం వల్ల మార్కులు తగ్గవని చెప్పేవారి వాదన

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి, పరీక్ష భయం ఎక్కువున్నవారికి మార్కులు తగ్గితే కారణం హాల్లో వర్కింగ్ మెమరీకి పడిన దెబ్బేనని అనుకోవడం సహజం. ఈ అనుమానాన్ని 2022లో మరియా థియోబాల్డ్ సహచరులతో కలిసి జర్మనీలో చివరి దశ వైద్య విద్యార్థులమీద పరీక్షించారు. దేశస్థాయి తుది పరీక్షకు ముందు విద్యార్థులు ఒక డిజిటల్ వేదిక మీద సిద్ధమవుతూ మోడల్ పరీక్షలు రాశారు, కాబట్టి అసలు పరీక్షకు ముందు ఎవరికి ఎంత వచ్చో పరిశోధకులకు తెలుసు. ఆ జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకున్నాక, భయం ఎక్కువున్నవారు అసలు పరీక్షలో అదనంగా నష్టపోయినట్టు కనబడలేదు. భయస్థులు వెనకబడింది అంతకుముందు, సిద్ధమయ్యే నెలల్లో. ఆ రోజుల్లో వారు నేర్చుకున్నది తక్కువ.

ఇది గట్టి ఎదురువాదన, దీన్ని దాటవేయడానికి వీల్లేదు. దిగులు చోటు తినేస్తుందన్న సూత్రం ఇక్కడా చెల్లవచ్చు, కానీ తినేది పరీక్ష హాల్లోని మూడు గంటలను కాదు, పుస్తకం ముందు కూర్చున్న నెలలను. ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు వెళుతున్న యువకుడు గదిలో రాత్రి పదింటికి పుస్తకం తెరిచి, ఒకే పేజీని నాలుగుసార్లు చదివి, అయినా ఏమీ ఎక్కక మూసేయడం ఈ కోవలోకి వస్తుంది. అతను పరీక్ష రోజున తడబడితే, ఆ రోజు భయమే కారణమని అతనికీ అనిపిస్తుంది.

రెండు వాదనలనూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక తేడా గమనించాలి. వైద్య పరీక్షలో ఎక్కువ భాగం నేర్చుకున్నదాన్ని గుర్తుచేసుకుని సరైన ఐచ్ఛికాన్ని ఎంచుకోవడం. బైలాక్ ప్రయోగాల్లో ఉన్నవి కొత్త లెక్కలు, ఫలితాలను మధ్యలో మోసుకెళ్లవలసినవి. హాల్లో భయం చేసే నష్టం పరీక్ష స్వభావాన్ని బట్టి మారుతుందనుకుంటే రెండు ఫలితాల మధ్యా వైరుధ్యం చాలావరకు తగ్గుతుంది. ప్రయోగశాలలో కొద్ది డాలర్లతో తెచ్చిన ఒత్తిడినీ, ఏళ్ల తరబడి ఎదురుచూసిన పరీక్ష ఒత్తిడినీ ఒకే గాటన కట్టవచ్చా అన్న అభ్యంతరం మాత్రం మిగిలే ఉంటుంది. డాన్ అరియెలీ, ఊరి గ్నీజీ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ అభ్యంతరానికి కొంత సమాధానం. భారతదేశంలోని గ్రామీణ ప్రాంతంలో జరిగిన ఆ ప్రయోగంలో ఒక్కో ఆటకు గరిష్ఠ బహుమతి కొందరికి 4, కొందరికి 40, కొందరికి 400 రూపాయలు. అక్కడివారికి 400 చాలా పెద్ద మొత్తం. అంకెలు గుర్తుంచుకోవడం వంటివి కూడా ఉన్న ఆ ఆటల్లో, అతి పెద్ద బహుమతి ఎదురుగా ఉన్నవారు మిగిలిన రెండు వర్గాలకంటే అధ్వానంగా చేశారు.

## అందరి ముందు కులం పేరు చదివినప్పుడు

ఒత్తిడి డబ్బు నుంచి, గడియారం నుంచి మాత్రమే రాదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల బొమ్మలు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. పిల్లల కులం ఎవరికీ చెప్పనప్పుడు, అణగారిన కులాల పిల్లలూ అగ్రకులాల పిల్లలూ సమానంగా చేశారు. పేరుతోపాటు కులాన్ని అందరిముందూ చదివినప్పుడు, అణగారిన కులాల పిల్లల ఫలితం గణనీయంగా పడిపోయింది. ఇందులో ఎంతభాగం వర్కింగ్ మెమరీకి పడిన దెబ్బ, ఎంతభాగం ‘‘బాగా చేసినా మాకు న్యాయంగా ఇస్తారా’’ అన్న అపనమ్మకం అన్నది ఆ పరిశోధకులే చర్చించారు, అపనమ్మకానికి గట్టి ఆధారాలు చూపించారు. కాబట్టి దీన్ని నేరుగా వర్కింగ్ మెమరీ ఖాతాలో వేయకూడదు. కానీ స్కాలర్‌షిప్పుల వివరాల కోసం తరగతి గదిలో కులం అడిగి లేపి నిలబెట్టే అలవాటు ఎక్కడున్నా, దానికి ఈ ఫలితం వర్తిస్తుంది.

ఇదే కోవకు చెందిన అమెరికన్ సిద్ధాంతం ఒకటి 1995లో క్లాడ్ స్టీల్, జాషువా అరన్సన్ ప్రతిపాదించారు. తమ వర్గం గురించి ఉన్న చెడు ముద్ర గుర్తుకొస్తే ఆ వర్గం వారి ఫలితం తగ్గుతుందన్నది దాని సారం. ఆడపిల్లలు, గణితం విషయంలో ఇది విపరీతంగా ప్రచారమైంది. 2018లో నెదర్లాండ్స్‌లో రెండువేలమందికి పైగా ఉన్నత పాఠశాల విద్యార్థులతో జరిగిన ప్రయోగంలో అలాంటి ప్రభావం కనబడలేదు. ఆ సిద్ధాంతాన్ని ఇప్పుడు మునుపటంత ధీమాగా చెప్పడం సరికాదు.

## నివారణల గురించి ఏం తేలింది

పరీక్షకు ముందు పది నిమిషాలు తమ దిగులును కాగితం మీద రాసేసిన విద్యార్థులకు మంచి మార్కులు వచ్చాయని 2011లో హెరార్డో రమిరెజ్, బైలాక్ ప్రకటించారు. వినడానికి హాయిగా ఉన్న ఈ ఉపాయం పత్రికల్లో చాలా తిరిగింది. 2018లో కొలిన్ కామరర్ తదితరులు ప్రసిద్ధ పత్రికల్లో వచ్చిన 21 సామాజిక శాస్త్ర ప్రయోగాలను తిరిగి చేసి చూసినప్పుడు 13 నిలబడ్డాయి. నిలబడని ఎనిమిదిలో ఇదొకటి. రాయడం వల్ల ఎవరికీ హాని లేదు, కానీ మార్కులు పెరుగుతాయన్న హామీకి ఆధారం బలహీనం.

వర్కింగ్ మెమరీని పెంచుతామని అమ్మే కంప్యూటర్ ఆటల సంగతి మరింత స్పష్టంగా ఉంది. మోనికా మెల్బీ-లెర్వాగ్, చార్ల్స్ హ్యూమ్ 2013లో చేసిన సమగ్ర సమీక్షలో, ఆ ఆటల్లోనూ వాటిని పోలిన పనుల్లోనూ మెరుగుదల కనిపించింది, చదవడంలోనూ గణితంలోనూ కనిపించలేదు. పరుగు సమయాల విద్యార్థి కథ విన్నవారికి ఇది వింతగా తోచదు. పిల్లల ఫీజుల కోసమే అప్పులు చేసే కుటుంబాలకు మెదడు శిక్షణ పేరుతో మరో ప్యాకేజీ అమ్మడానికి ఈ శాస్త్రంలో ఆధారం లేదు.

ఇప్పటిదాకా నిలబడిన వాటిలో గట్టివి రెండు, రెండూ పాతవే. లెక్కలోని చిన్న మెట్లు అలవాటైపోయేదాకా సాధన చేయడం ఒకటి. మధ్య ఫలితాలను మనసులో మోయకుండా రఫ్ కాగితం మీదికి దించడం రెండోది. 14 పక్కన ‘‘కి.మీ.’’ అని, పైన 5.45 అని రాసుకున్నవాడికి రైలు లెక్కలో జారిపోవడానికి ఏమీ మిగలదు.

## మార్కు దేన్ని కొలుస్తోంది

వీటన్నిటినీ బట్టి చూస్తే, కాలం బిగించిన పరీక్షలో వచ్చిన మార్కు రెండింటిని కలిపి కొలుస్తోంది: విషయం ఎంత వచ్చన్నది, ఒత్తిడిలో ఆ విషయాన్ని వాడడానికి చోటు ఎంత మిగిలిందన్నది. ఈ రెండోదాన్ని కొలవడం కొన్నిచోట్ల సబబే. నౌకను ఇరుకైన ముఖద్వారం గుండా పోర్టులోకి నడిపించే పైలట్‌కు, స్టీల్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో అలారం మోగినప్పుడు నిర్ణయం తీసుకునే ఇంజనీరుకు ఒత్తిడిలో ఆలోచించడం ఉద్యోగంలో భాగం. వారిని ఎంపిక చేసేవారు అది చూడాలనే వాదనను తోసిపుచ్చలేం. అయితే వారికి కూడా ఆ సామర్థ్యం వచ్చేది తమ పనిలోని ప్రత్యేక సాధన వల్లేనని ఎరిక్సన్ పరిశోధన చెబుతుంది. పదిహేడేళ్ల వయసులో భౌతికశాస్త్రం పేపరు ముందు నిబ్బరంగా ఉన్నవాడు ముప్పై ఏళ్లకు కంట్రోల్ రూమ్‌లోనూ అలాగే ఉంటాడనడానికి దీన్నుంచి ఆధారం దొరకదు.

పరీక్షల రూపంలో ఉన్న తేడాలు కూడా ఇక్కడ లెక్కకు వస్తాయి. విశాఖలో ఇంటర్ చదివే ఎంపీసీ విద్యార్థి ఈఏపీసెట్‌లో ప్రశ్నకు 67.5 సెకన్ల చొప్పున, తప్పు జవాబుకు కోత లేకుండా రాస్తాడు. అతడే జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు 144 సెకన్ల చొప్పున, తప్పుకు ఒక మార్కు కోతతో రాస్తాడు. పక్కింటి బైపీసీ అమ్మాయి నీట్‌లో 180 ప్రశ్నలను 180 నిమిషాల్లో, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత చొప్పున రాస్తుంది. జేఈఈ మెయిన్ 2019 నుంచి ఏడాదికి ఒకటికి మించిన విడతల్లో జరుగుతోంది, వాటిలో మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు. ఈఏపీసెట్, నీట్ ఏడాదికి ఒక్కసారే. ఒకే ఇంట్లో, ఒకే తెలివితేటలున్న అన్నాచెల్లెళ్లు ఈ మూడు పరీక్షలు రాస్తే, వారి మార్కుల్లో విషయ పరిజ్ఞానానికీ ఒత్తిడికీ దక్కే వాటా మూడింటిలోనూ ఒకేలా ఉండదు.